గోడకే అని చెప్పిన గడియారం

మా బజారులో ఆమెను అందరూ సెకన్లమ్మ అనేవారు. ఎవరు వాచీ తెచ్చి ఇచ్చి ఎంతసేపు పడుతుందని అడిగినా, తల ఎత్తకుండా ఆమె చెప్పే జవాబు ఒక్కటే. "ఒక్క సెకనండీ." ఆ సెకను ఒక్కోసారి రెండు రోజులయ్యేది. అయినా ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఆమె చేతి మీదుగా వెళ్ళిన వాచీ మళ్ళీ ఆమె బల్ల మీదికి రావాలంటే కనీసం నాలుగేళ్ళు పట్టేది మరి.

వాళ్ళ కొట్టుకు ఎదురుగానే మా కళ్ళజోళ్ళ కొట్టు. కుడికంటికి బిగించుకునే ఆమె భూతద్దం పగిలినప్పుడల్లా కొత్తది నేనే సానబట్టి ఇచ్చేవాణ్ణి. అందుకని ఈ సంగతుల్లో కొన్ని నేను కళ్ళారా చూసినవి, మిగతావి ఆమె నోటివెంట విన్నవి.

కొట్టు ఆమె మామగారిది. పెళ్ళయి వచ్చేనాటికి ఆమెకు గడియారానికి కీ ఇవ్వడం తప్ప మరేం తెలియదు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు, అంటే ఆమె భర్త, పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగంలో ఉన్నాడు. చిన్నవాడికి అప్పటికి తొమ్మిదేళ్ళు. తల్లి లేని పిల్లవాడు. ముసలాయన చెయ్యి అప్పుడప్పుడే వణకడం మొదలుపెట్టింది. ఒకనాడు జారిపడ్డ చిన్న స్క్రూ కోసం ఆయన నేలంతా తడుముతుంటే, కోడలు వంటింట్లోంచి వచ్చి, పట్టకారుతో తీసి, ఎక్కడిదో అక్కడ బిగించేసి వెళ్ళిపోయింది. ఆయన కాసేపు ఆ వాచీవైపు చూసి, "అమ్మాయ్, ఆ పొయ్యి ఆర్పేసి ఇలా రా" అన్నాడట. అలా మొదలైన పని. కొడుకులిద్దరికీ అబ్బనిది కోడలికి అబ్బింది.

చిన్నోడికి ఆ బల్ల ముందు పది నిమిషాలు కూర్చోవడమంటే ప్రాణసంకటం. కాలు ఊపేవాడు, బల్ల కదిలేది, చక్రాలు ఎగిరి ఎక్కడో పడేవి. "వీడి చేతికి సుత్తి తప్ప ఏదీ ఇవ్వకండి" అనేవాడు తండ్రి. కానీ తెలివికి లోటు లేదు. మాటకారి. వదిన కొంగు పట్టుకుని తిరిగినవాడే, పెద్దయ్యాక ఊరి చివర విమానాల క్లబ్బులో మెకానిక్కుగా చేరాడు. ఇద్దరు ముగ్గురు పట్టే చిన్న విమానాలు అక్కడ ఓ అరడజను ఉండేవి. సరదా కొద్దీ విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు వచ్చేవారు. లోపల పైలట్ ముందుండే మీటర్లు, గడియారాలు బాగుచేసే లైసెన్సు కోసం చిన్నోడు పరీక్ష రాశాడు. ఆ పరీక్షకు లావుపాటి పుస్తకం ఒకటి ముందేసుకుని, ప్రశ్నలు అడిగి, తప్పులు దిద్ది, నెలరోజులు చదివించింది వదినే. పరీక్షలో పుస్తకం మీద ప్రశ్నలే ఎక్కువ, చేతిపని తక్కువ. వాడు గట్టెక్కాడు.

ఆరేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం వాడు గుడ్డలో చుట్టిన గడియారం ఒకటి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. పిడికిలంత గుండ్రటి గడియారం. నల్లటి డయలు, తెల్లటి అంకెలు, కింద కీ ఇచ్చే బొడిపె. ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడుస్తుంది.

"వదినా, ఇది కాస్త చూడు."

ఆమె చెవి దగ్గర పెట్టుకుని వింది. "ఇది విమానానిది కదరా?"

"ఆఁ. పాతది."

"ఎగిరే విమానానిదా? అయితే నేను ముట్టుకోను. దానికి లైసెన్సున్నది నీకు, నాకు కాదు."

"అయ్యో, ఎగిరేవాటికి నీ దగ్గరికి ఎందుకు తెస్తాను? మూలపడేసిన పాత సామానంతా పెట్టి ఒక ప్రదర్శన హాలు కడుతున్నారు. గోడకు వరసగా గడియారాలు పెడతారు. నడుస్తూ ఉంటే చూసేవాళ్ళకు బావుంటుందని మా పెద్ద ఇంజనీరు అన్నాడు. నువ్వు గుర్తొచ్చావు."

అంతే. ఆ మాట నమ్మడానికి ఆమెకు సాక్ష్యం అక్కర్లేకపోయింది. చెప్పింది చిన్నోడు.

ఆ గడియారం మీద ఆమె ఆరు రోజులు కూర్చుంది. మామూలుగా ఆమె బల్ల మీదికి వచ్చేవి పట్టీ తెగినవీ, బ్యాటరీ అయిపోయినవీ. ఇలాంటి మెషిను చూసి ఏళ్ళు గడిచాయి. ఒక్కో చక్రం విప్పి పెట్రోలులో కడుగుతున్నప్పుడు నన్ను పిలిచి చూపించింది. "చూశారా, ఈ పళ్ళు కోసినవాడెవడో గానీ వాడికి దణ్ణం పెట్టాలి" అంది. అంత వెలుగు ఆమె ముఖంలో అంతకుముందు నేను చూడలేదు. పని అయ్యాక మామగారు నేర్పిన అలవాటు ప్రకారం వెనక మూత లోపలి అంచున సూదితో మూడు చుక్కలు, వాటి కింద తేదీ గీసి మూత బిగించింది.

అలా మూడేళ్ళలో ఐదు గడియారాలు వచ్చాయి. హాలు ఎప్పుడు తెరుస్తారని ఆమె అడుగుతూనే ఉండేది. ఒకసారి పైకప్పు కాలేదన్నాడు, ఒకసారి రంగులు వేస్తున్నారన్నాడు. మధ్యలో ఒకరోజు కాగితం, పెన్ను తీసుకుని కూర్చుని, "గడియారాల కింద నీ పేరుతో ఒక అట్ట పెడతారు వదినా. ఎలా రాయమంటావో చెప్పు" అని అడిగాడు. ఆమె సిగ్గుపడిపోయి, "నాదెందుకురా, మామయ్య పేరు రాయించు" అంది. చివరికి రెండు పేర్లూ రాయించుకుని తీసుకెళ్ళాడు. ఆ కాగితం ఏమైపోయిందో దేవుడికే తెలియాలి.

క్లబ్బులో మాత్రం చిన్నోడి పేరు మారుమోగింది. వేరే ఊళ్ళలో గడియారం పాడైతే విడిభాగాల కోసం నెలల తరబడి విమానం షెడ్డులో పడి ఉండేదట. ఇక్కడ వారం పది రోజుల్లో సిద్ధం. తోటివాళ్ళు వాడికి 'బంగారు చేతులు' అని పేరు పెట్టారు. సభ పెట్టి శాలువా కప్పి, ఒక జ్ఞాపిక ఇచ్చారు. ఉపన్యాసాల్లో మంచి పనివాడన్న పొగడ్తలే తప్ప గడియారాల ఊసు రాలేదు. ఆ సభకు సెకన్లమ్మ కూడా వెళ్ళి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. "మా మామయ్య ఉండి ఉంటే ఎంత సంతోషించేవాడో! సుత్తి తప్ప ఇవ్వొద్దన్నాడు పాపం" అని మర్నాడు నాకు చెప్పి కళ్ళు తుడుచుకుంది.

ఐదో గడియారం దగ్గర వచ్చింది చిక్కు. దాని డయలు మీద ఏడు అంకె పైగీత చెరిగిపోయి ఒకటిలా కనిపించేది. అది పెద్ద విషయం కాదు. లోపల, అటూ ఇటూ ఊగే బ్యాలన్సు చక్రం ఇరుసు కొన అరిగిపోయింది. ఇరుసు మార్చాలి. అలాంటిది బయట దొరకదు. చిన్న లేతు మిషను మీద తనే తయారుచేయాలి. నాలుగు రోజుల పని.

"ఇంకో నాలుగు రోజులు ఆగు చిన్నోడా. కొత్త ఇరుసు చేస్తాను."

"అంత టైము లేదు వదినా. ఎల్లుండికి కావాలి."

"గోడకే కదా ఉండేది? ఎవరూ కదపరు కదా?"

"గోడకే. మేకుకు తగిలిస్తే మళ్ళీ ఎవరు ముట్టుకుంటారు?"

ఆమె అరిగిన కొనకే మెరుగుపెట్టి, నిలువుగా కదలకుండా ఉన్నప్పుడు సరిగ్గా నడిచేలా సర్ది ఇచ్చింది. ఇస్తూ, "బాగా విను. నిలబెట్టి ఉంచితే సెకను తేడా రాదు. వణికితే మాత్రం ఆగుతుంది. మళ్ళీ దానంతటదే బయల్దేరుతుంది. అందుకే ఆగినట్టు కూడా ఎవరికీ తెలియదు" అని చెప్పింది. వాడు సరే సరే అంటూనే గుడ్డలో చుట్టుకుని స్కూటరెక్కాడు. వీధిలోకి వచ్చి కూడా ఆమె ఆ మాట మళ్ళీ ఒకసారి అరిచి చెప్పింది. నేను విన్నాను.

నెలన్నర తరవాత, ఒక శనివారం పూట, పక్క వీధి బడిలో లెక్కలు చెప్పే టీచరు కొట్టుకు వచ్చింది. ముప్పై ఐదేళ్ళుంటాయి. చేతిలో వాళ్ళ నాన్నగారి పాత వాచీ.

"ఇది కచ్చితంగా నడవాలండీ. బడికి కాదు. బడికైతే ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా పిల్లలే సంతోషిస్తారు. విమానానికి."

"విమానానికా?"

"ఏడాదిగా క్లబ్బులో నేర్చుకుంటున్నాను. మొన్న నన్ను ఒంటరిగా పంపారు. కాలువ దాటాక నేరుగా పదకొండు నిమిషాలు వెళ్ళి కుడికి తిరగాలి. కింద అంతా ఒకేలా ఉండే పొలాలు. గుర్తుపట్టడానికి ఏమీ ఉండదు, గడియారమే దిక్కు. నేను గడియారం చూసుకునే తిరిగాను. తిరిగి చూస్తే కింద కొండలు! ఎక్కడున్నానో తెలియలేదు. ఎలాగో వెనక్కి తిప్పి, కాలువ వెతుక్కుని దిగేసరికి పెట్రోలు ముల్లు అడుగున ఉంది."

"గడియారం ఆగిపోయిందేమో?"

"నేనూ అదే మొత్తుకున్నాను. కింద నిలబెట్టి చూస్తే భేషుగ్గా నడుస్తోంది. టైము వెనకబడి ఉందంటే, బయల్దేరేముందు నేనే సరిగ్గా పెట్టుకోలేదన్నారు. మెకానిక్కుని పిలిచి అడిగారు. గడియారంలో ఏ లోపమూ లేదు, నేనే బాగుచేశాను, అన్ని పరీక్షలూ చేశాను అన్నాడు. దాంతో నాకు టైము మీద ధ్యాస లేదని నా రికార్డులో రాసేశారు. ఒంటరిగా ఎగరడం ఆపేశారు. పిల్లలకు రోజూ ఎక్కాలు చెప్పేదాన్నండీ! పదకొండు దాకా లెక్కపెట్టడం రాదన్నారు." ఆమె వాచీని బల్ల మీదికి తోసింది. "ఇకమీదట నా వాచీ నేను కట్టుకునే వెళ్తాను. ఆ గడియారాన్ని నమ్మను. అసలు దాని వాలకమే అదోరకం. ఎనిమిదికి ముందు ఒకటి ఉండే గడియారాన్ని ఎక్కడైనా చూశారా?"

సెకన్లమ్మ చేతిలో పట్టకారు ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"ఏడు మీద గీత చెరిగిపోయిందండీ. ఒకటిలా ఉంటుంది."

ఆమె భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది. కొట్టు తలుపు దగ్గరగా వేసి, "నన్నొకసారి అక్కడికి తీసుకెళ్తారా టీచరుగారూ? ఇప్పుడే" అంది. ఎందుకని టీచరు అడిగింది. "నాకూ ఇంకా తెలియదు" అంది ఆమె.

టీచరు స్కూటరు వెనక కూర్చుని వెళ్ళింది. షెడ్డులో రేకుల కప్పు కింద వరసగా విమానాలు. నూనె, రబ్బరు, వేడెక్కిన రేకు వాసన. రెండో విమానం తలుపు తీసి టీచరు ఆమెను లోపల కూర్చోబెట్టింది. విమానంలో కూర్చోవడం ఆమెకు అదే మొదటిసారి. ఎదురుగా మీటర్ల మధ్య, నాలుగు స్క్రూలతో బిగించి, ఆమె గడియారం. నడుస్తోంది. తను కడిగి ఆరబెట్టిన ముళ్ళు, తను తుడిచిన అద్దం, ఎనిమిదికి ముందు ఒకటి. ఆమె పిడికిలితో ఆ రేకు పలక మీద గబగబా కొట్టింది, ఇంజను వణికించినట్టు. సెకన్ల ముల్లు ఆగిపోయింది. కొట్టడం ఆపింది. రెండు మూడు క్షణాలకు ముల్లు ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయల్దేరింది.

"అదిగో! అదే!" అని అరిచింది టీచరు.

ఆ కేకకు అవతలి విమానం కింద నుంచి చిన్నోడు బయటికి వచ్చాడు. చూడగానే ముఖం పాలిపోయింది.

"వదినా! నువ్వెలా వచ్చావు ఇక్కడికి?"

"స్కూటరు మీద" అంది ఆమె దిగుతూ. "హాలెక్కడరా చిన్నోడా?"

"అది... ఆగిపోయింది వదినా."

"మొదలైందా అసలు?"

వాడు టీచరువైపు చూసి, వదిన మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళబోయాడు. ఆమె కదల్లేదు.

"నిజం చెబితే నువ్వు చేసేదానివా?" అన్నాడు గొంతు తగ్గించి.

"చేసేదాన్ని కాదు. ఇప్పుడు తెలిసిందిగా ఎందుకు చెప్పకూడదో? ఎగిరే గడియారాన్ని ఆరు పక్కలా పెట్టి చూడాలి, వణికే బల్ల మీద గంటసేపు ఉంచాలి. ఆ పుస్తకం నీకు చదివి పెట్టింది నేనేరా. చూశావా అలా ఒక్కదాన్నయినా?"

"నీ పని మీద నమ్మకంతోనే కదా వదినా."

"ఇది వణికితే ఆగుతుందని చెప్పాను. వీధిలోకి వచ్చి మరీ చెప్పాను."

"చెప్పావు. అప్పుడు నేను... సరిగ్గా వినలేదు." వాడు చేతులు తుడుచుకుంటున్న గుడ్డను మెలితిప్పాడు. "అయినా గడియారం ఆగితే విమానం పడిపోతుందా ఏమన్నా? అంత రాద్ధాంతం ఎందుకు?"

"ఈవిడ మీద తప్పు రాస్తున్నప్పుడు కూడా వినపడలేదా నీకు?"

వాడు అక్కడితో ఊరుకున్నా బాగుండేది. విసురుగా అన్నాడు: "నన్నొక్కణ్ణీ అంటావేం? అన్నయ్యకు తెలియదా? అన్నయ్యను విమానంలో తిప్పి రెండేళ్ళయింది. అప్పుడే చూశాడు. వెళ్ళి అడుగు."

ఆ మాట తరవాత షెడ్డులో ఏం జరిగిందో, తను ఎలా ఇల్లు చేరిందో ఆమెకు గుర్తులేదట.

సాయంత్రం భర్త పోస్టాఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే అడిగింది.

"చిన్నోడు మిమ్మల్ని విమానం ఎక్కించాడటగా?"

ఆయన ఒక చెప్పు విడిచి, రెండోది కాలికి ఉండగానే కుర్చీలో కూర్చున్నాడు. "ఎవరు చెప్పారు?"

"ఎక్కారా లేదా?"

"ఎక్కాను. నీకు చెబితే నిన్నెందుకు ఎక్కించలేదంటావని..."

"అందులో గడియారం చూశారా?"

ఆయన రెండో చెప్పు విప్పి గోడ వారన పెట్టాడు. తరవాత, "చూశాను. నువ్వు బాగుచేసిందే" అన్నాడు.

"రెండేళ్ళు. ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే మానేస్తావు. వాడి ఉద్యోగం... వాడికప్పుడే మంచి పేరొస్తోంది. అదీగాక నువ్వు..." ఆయన తల పైకెత్తాడు. "ఆ గడియారాలు వచ్చినప్పుడు నీ ముఖం ఎలా ఉండేదో నీకు తెలియదు. పొద్దున్నే లేచి కూనిరాగాలు తీసేదానివి. దాన్ని నా చేత్తో ఎందుకు పోగొట్టాలి అనుకున్నాను."

ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. అదే ఆమెకు ఎక్కువ బాధ కలిగించింది. "ఎవడో చేస్తే తిట్టుకుని ఊరుకునేదాన్నండీ. నా సంతోషాన్ని నాకే ఎరవేశారు అన్నదమ్ములిద్దరూ" అని నాతో అంది తరవాతెప్పుడో. భర్తతో మాత్రం అప్పుడు ఏమీ అనలేదట. అన్నం వడ్డించి, తను తినకుండా లేచింది.

సోమవారం ఆమె కొట్టు తెరవలేదు. నేరుగా క్లబ్బుకు వెళ్ళి పెద్ద ఇంజనీరు గదిలో నిలబడింది. ఆయన బట్టతల మనిషి, మాట తక్కువ. ఐదు గడియారాలూ తను బాగుచేసినవేననీ, తనకు లైసెన్సు లేదనీ, గోడకు పెట్టేవని నమ్మి చేశాననీ, ఐదోది వణికితే ఆగుతుందనీ చెప్పింది. ఆయన పెన్ను మూసి పక్కన పెట్టాడు.

"అమ్మా, మీరు ఎంత పెద్ద మాట అంటున్నారో తెలుసా?"

"తెలుసండీ. అందుకే నిలబడి చెబుతున్నాను."

చిన్నోడిని పిలిపించారు. వాడు వచ్చి, వదినను చూసి, ఒక్క క్షణం తడబడి, వెంటనే సర్దుకున్నాడు. "సార్, ఆవిడ మా వదిన. ఇంట్లో కొన్ని గొడవలున్నాయి. ఈమధ్య ఆవిడ ఆరోగ్యం కూడా బాగుండటం లేదు, ఏవేవో ఊహించుకుంటోంది. మీరు పట్టించుకోకండి."

తొమ్మిదేళ్ళప్పుడు టైఫాయిడ్ వస్తే ఇరవై ఒక్క రోజులు మంచం పక్కన కూర్చుని తను కాపాడుకున్న పిల్లవాడు, తన ఎదుటే నిలబడి తనకు మతి చలించిందని చెబుతున్నాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరగలేదు. ముఖం మాత్రం కొట్టినట్టు ఎర్రబడిందని, ఆ గదిలో ఉన్న గుమస్తా నా దగ్గర కళ్ళజోడు చేయించుకోవడానికి వచ్చినప్పుడు చెప్పాడు.

"మొన్న మధ్యాహ్నం దాకా ఇంట్లో ఏ గొడవా లేదండీ" అంది ఆమె. "రెండో విమానం గడియారం తెప్పించండి. తెరవకముందే లోపల ఏముందో చెబుతాను. వెనక మూత లోపలి అంచున మూడు చుక్కలు, కింద తేదీ. బ్యాలన్సు ఇరుసు పైకొన అరిగి ఉంటుంది. మార్చలేదు, మెరుగుపెట్టి వదిలేశాను."

గడియారం తెచ్చి తెరిచారు. అన్నీ ఆమె చెప్పినట్టే ఉన్నాయి. చిన్నోడు అప్పటికీ తగ్గలేదు. "ఆ చుక్కలు మా నాన్న గుర్తు సార్. నేనే పెడతాను. ఆవిడ ఇంట్లో చూసి ఉంటుంది."

పెద్ద ఇంజనీరు వాడివైపు చూశాడు. తరవాత సొరుగులోంచి సన్న స్క్రూడ్రైవర్ల పెట్టె తీసి వాడి ముందుకు జరిపాడు. "మంచిది. విప్పి మళ్ళీ బిగించు. నేను చూస్తాను."

గుమ్మంలో అప్పటికే నలుగురైదుగురు మెకానిక్కులు గుమిగూడారు. బంగారు చేతులకు వేదిక దొరికింది. వాడు కూర్చున్నాడు. మొదటి స్క్రూ వచ్చింది. రెండోది వచ్చింది. బల్ల కింద కాలు ఊగుతోంది, చిన్నప్పటిలాగే. మూడో స్క్రూ జారింది. వెతుక్కుని తీశాడు. పై పలక ఎత్తబోతే ఒక చక్రం దానికే అతుక్కుని లేచి, బల్ల మీద దొర్లి కిందపడింది. ఎవరూ నవ్వలేదు. ఆమె కిటికీవైపు తిరిగి నిలబడింది. చూడలేకపోయింది. గెలిచానన్న భావం ఏ కోశానా లేదట. వాడి పక్కకు వెళ్ళి, "ఇలా ఇవ్వు" అని చెయ్యి చాపకుండా తనను తాను ఆపుకోవడమే కష్టమైందట.

"చాలు సార్" అన్నాడు వాడు చివరికి.

ఆరోజే ఆమె గడియారాలున్న విమానాలన్నిటినీ నేల మీదే ఉంచేశారు. ఐదు గడియారాలూ విప్పి పరీక్షించారు. మొదటి నాలుగూ ఆరు పక్కలా పెట్టినా, వణికే బల్ల మీద పెట్టినా చెక్కుచెదరలేదు. ఐదోది గంటలో పదిసార్లు ఆగింది. వారం తరవాత పెద్ద ఇంజనీరు ఆమెను పిలిపించి ఆ సంగతి చెప్పాడు.

"నాలుగింటి పనిలో నాకు ఒక్క లోపం దొరకలేదమ్మా. కానీ ఈ పని మీరు చేసినట్టు ఏ కాగితంలోనూ లేదు. చేయని మనిషి సంతకం ఉంది. వీటిని మళ్ళీ వాడే వీల్లేదు. రూలు ప్రకారం పగలగొట్టాలి."

"నా ముందే పగలగొట్టండి" అంది ఆమె. ఎందుకలా అన్నదో నాకైతే అర్థం కాలేదు. ఒక్కొక్కటీ ఇనప దిమ్మె మీద పెట్టి సుత్తితో కొట్టారు. ఐదో దాని తరవాత ఆమె సంచీ తీసుకుని వచ్చేసింది.

చిన్నోడి లైసెన్సు ఏడాదిపాటు ఆపేశారు. వాడు భార్యతో వేరే ఊరు వెళ్ళి ఏదో బస్సుల షెడ్డులో చేరాడు. వెళ్ళేముందు వాడి భార్య కొట్టుకు వచ్చి, నలుగురూ వినేలా, "మీరు గుట్టుగా మందలిస్తే సరిపోయేది. కడుపున పుట్టకపోతే ఇంతే" అని వెళ్ళింది. బజారులో కూడా సగం మంది అదే అన్నారు. ఇంటి పరువు ఆవిడే తీసుకుందన్నారు. టీచరు రికార్డులో ఆమె మీద రాసిన తప్పును కొట్టేశారు. ఆమె మళ్ళీ ఒంటరిగా ఎగిరింది, దిగింది, పరీక్ష పాసైంది. ఒకసారి వచ్చి చెప్పి వెళ్ళింది. సెకన్లమ్మ సంతోషించింది గానీ, "ఒకసారి మిమ్మల్ని పైకి తీసుకెళ్తానండీ" అని టీచరు అంటే మాత్రం, "వద్దు లెండి" అంది.

లైసెన్సు పరీక్ష రాయమని పెద్ద ఇంజనీరు ఫారం పంపించాడు. ఆమెకు యాభై ఒకటి నిండాయి. ఫారం కొన్నాళ్ళు బల్ల మీద ఉంది. తరవాత కనిపించలేదు. నేను అడగలేదు.

భర్తతో మాటలు ఆగలేదు. కూర ఏమిటి, కరెంటు ఎప్పుడు పోయింది, చలి ఎక్కువైంది, ఇలాంటివన్నీ మాట్లాడుకునేవారు. ఆయన మాత్రం పాపం అంతకుముందులా పోస్టాఫీసు కబుర్లు చెప్పబోయేవాడు. ఏదో చిరునామా తప్పు రాసిన ఉత్తరం గురించి నవ్వుతూ చెబుతుంటే, ఆమె వింటూ వింటూ, "నిజంగానా?" అనేది. ఎగతాళిగా కాదు, మామూలుగానే. ఆయన నవ్వు అక్కడే ఆగిపోయేది. క్రమంగా కబుర్లు తగ్గించేశాడు.

పని మానలేదు. అయితే వాచీ ఎవరు తెచ్చినా, "ఇది ఎవరు కట్టుకుంటారు? ఏం పని చేస్తారు?" అని ఆరా తీయడం మొదలుపెట్టింది. కొందరు విసుక్కునేవారు. ఒకాయన, "వాచీ బాగుచేయమంటే సంబంధం అడిగినట్టు అడుగుతారేంటమ్మా?" అన్నాడు. ఆమె కూడా నవ్వేసింది. ప్రశ్న మాత్రం వదల్లేదు.

నిరుడు వానాకాలంలో చిన్నోడు వచ్చాడు. నేను అప్పుడు ఆమె కొట్టులోనే ఉన్నాను. బాగా చిక్కాడు. గొడుగు మూసి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె తలెత్తి చూసి, స్టూలు చూపించింది. ఫ్లాస్కులోంచి కాఫీ పోసి ఇచ్చింది. పిల్లల గురించి అడిగింది. వాడు చెప్పాడు. బస్సుల షెడ్డులో బాగానే ఉందన్నాడు. లైసెన్సు తిరిగిచ్చినా ఆ పనికి మళ్ళీ వెళ్ళలేదన్నాడు.

"తప్పయిపోయింది వదినా" అన్నాడు చివరికి. "ఆరోజు సారు ముందు నిన్ను అలా అనకుండా ఉండాల్సింది. మిగతాదంతా ఎలా ఉన్నా, అది మాత్రం..."

ఆమె తల ఊపింది. సరేననీ కాదు, కాదనీ కాదు. వాడు చేతికున్న వాచీ విప్పి బల్ల మీద పెట్టాడు. "రెండు నెలలుగా నడవటం లేదు. నువ్వు చూస్తావని ఎక్కడా ఇవ్వలేదు."

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది. వెనక మూత మీద బొటనవేలు కాసేపు ఉంచింది. నేనెరిగినంతలో, చేతికి వచ్చిన వాచీని ఆమె తెరవకుండా వదలడం అదే మొదటిసారి. దాన్ని మళ్ళీ వాడి వైపు జరిపింది.

"వీధి చివర ఇంకో కొట్టుంది చిన్నోడా. అక్కడ ఇవ్వు. మంచివాడు, బాగా చేస్తాడు."

వాడు వాచీ జేబులో వేసుకుని, గొడుగు తెరుచుకుని బయటికి నడిచాడు. వీధి చివరి కొట్టు దగ్గర ఆగలేదు. తిన్నగా బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. ఆమె గుమ్మంలోకి వచ్చి, వాడు మలుపు తిరిగేదాకా చూసి, ఖాళీ కాఫీ గ్లాసు కడిగి బోర్లించింది.